పట్టి విడిచిన చేప బ్రదుకు నీరు

పోయిన వేసవిలో నొక గ్రామమున వేరుసెనగ విత్తనశుద్ధిని రైతులకు చూపి, చెరువుకట్టమీదుగా మరలివచ్చుచుండగా, తూమునొద్ద గాలము వేయుచున్న యువకుడొకడు మాకు కనబడెను. అతడు బెంగుళూరులో కొలువు చేయుచు సెలవులకు స్వగ్రామము వచ్చినవాడు. అతని చేతిలో సన్నని పొడవైన కర్రయు, దానికి కొంచెము లావైన దారమును, దారము కొనను సన్నని నైలానుపోగును ఉండెను. ఆ పోగు చివర ఎరకు బదులుగా కోడియీకలు చుట్టిన చిన్న గాలము కలదు. అతడు దారమును తలపై వెనుకకు ముందునకు రెండుమార్లు విసరి, ఆ యీకను దూదిపింజవలె నీటిపై దింపుచుండెను. కొంతసేపటికి జానెడు పరిగె యొకటి పడినది. అతడు చేయి తడిపికొని, దానిని మెల్లగా విడిపించి, మరల నీటిలో వదలెను.

కట్టపై కూర్చుండి వల బాగుచేసికొనుచున్న బెస్త పెద్దాయన యిది చూచి నవ్వి, "వదిలేదానికైతే పట్టేదెందుకబ్బీ?" అనెను.

"మళ్లా పెరుగుతుంది కదా మామా!" అని యువకుడు బదులు చెప్పెను.

పెద్దాయన చెరువువైపు చేయి చాచి, "ఈ నీళ్లు ఇంగ ఇరవై దినాలుంటే ఎక్కువ. నువ్వు వదిలిన చేప యాడ పెరుగుతుంది?" అనెను.

యువకుడు మారుపలుకలేదు. మాకును ఆ క్షణమున సమాధానము తోచలేదు. ఇంటికి వచ్చిన పిదప ఆ ప్రశ్నను పలుమారులు తలపోసితిమి. చేపను పట్టి విడుచు వినోదము మన ప్రాంతపు యువకులలో నక్కడక్కడ ప్రవేశించుచున్నది. పట్టు నేర్పును చెప్పువారు పెక్కుమంది కలరు. కాని విడిచిన చేప బ్రదుకదగిన నీరు మన సీమలో నెచ్చట నున్నదని విచారించువారు అరుదు. కరవు నేలలో మొదట తెలిసికొనవలసిన దిదియే. అందుచే నీ మాసమున దీనిని గూర్చి మాకు తెలిసినంత వ్రాయుచున్నాము.

ఈ వేట యెట్టిది?

మేము ఈక గాలమని పేర్కొనుచున్న దీనిని ఫ్లై ఫిషింగు అందురు. మామూలు గాలమునకు వానపామునో పిండియుండనో గ్రుచ్చి, సీసపు గుండు బరువుతో నీటిలోనికి విసరుదురు. ఈక గాలమునకు బరువుండదు. ఈకలతోను దారముతోను దానిని పురుగువలెనో మిడుతవలెనో చిన్న కప్పవలెనో సిద్ధపరతురు. లావైన దారము బరువే దానిని దూరమునకు కొనిపోవును. తొలకరి జల్లు కురిసిన సాయంకాలమున ఉసుళ్లు లేచి నీటిపై రాలునప్పుడు పరిగెలు ఎగిరి యెగిరి వానిని అందుకొనుట మనమందరము చూచినదే. ఆ యుసుళ్లను ఈకతో ననుకరించుటయే యీ విద్యలోని మర్మము. పట్టిన చేపను ప్రాణముతో విడుచుట దీనికి తోడైన నియమము.

మన దేశమున గాలపు వేటను గూర్చి వ్రాసిన తొలివారిలో మదరాసు సివిల్ సర్వీసునకు చెందిన హెన్రీ సల్లివన్ థామసు ముఖ్యుడు. ఆయన 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అను గ్రంథమును, 1887లో చెరువుల వేటనే విషయముగా గొని 'టాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' అను గ్రంథమును ప్రకటించెను. తరువాత 1897లో వచ్చిన ఇండియన్ ఫిషరీస్ చట్టము తోటాలు పేల్చియు విషము కలిపియు చేపలను చంపుటను నిషేధించినది. సహకార సంఘముల సభ్యులమైన మనకు ప్రియమైన సంగతి యింకొకటి కలదు. వ్యవసాయ బ్యాంకులను గూర్చి 1895, 1897 సంవత్సరములలో నివేదికను సమర్పించి, 1904 నాటి సహకార పరపతి సంఘముల చట్టమునకు త్రోవచూపిన ఫ్రెడరిక్ నికల్సను దొరయే 1907లో మదరాసు రాజధానిలో మత్స్యశాఖకు పునాది వేసెను. రైతు పరపతియు చేపల పెంపకమును ఈ ప్రాంతమున నొకే పెద్దమనిషి చేతిమీదుగా మొదలైనవని చెప్పవచ్చును.

పట్టి విడుచుటవలన మేలు జరిగిన చోటు మనకు దూరమున లేదు. కర్ణాటకమున కావేరీ నదిలో మహాశీరమను పెద్ద చేప కలదు. 1946లో కబిని నదిలో గాలమునకు చిక్కిన మహాశీరము 120 పౌనులు తూగెను. పిదప తోటాలవలనను, ఆనకట్టలవలనను ఈ చేప క్షీణించినది. 1972లో బెంగుళూరున వెలసిన దక్షిణ భారత వన్యప్రాణి సంఘమువారు కావేరిలో కొంత భాగమును కౌలునకు తీసికొని, కావలివారిని నియమించి, పట్టిన ప్రతి మహాశీరమును విడువవలెనను నియమమును పెట్టిరి. తోటాలు వేయుచుండినవారిలోనే కొందరు జీతమునకు కావలివారైరి. అభయారణ్యములో నీ వేట తరువాత నిలిపివేయబడినది. మూపున గూనుగల ఆ కావేరి మహాశీరము నేడు ప్రపంచమున మిక్కిలి ప్రమాదస్థితిలోనున్న జాతులలో చేర్చబడియున్నది.

దీనికి ప్రతివాదము లేకపోలేదు. స్విట్జర్లండులో విడుచుటకే యుద్దేశించి చేపను పట్టుట 2009 నుండి చట్టవిరుద్ధము. తినని ప్రాణిని నొప్పించుట యెందుకని వారి వాదము. మా బెస్త పెద్దాయన ప్రశ్నయు దీనికి చుట్టమే. కాబట్టి విడుచుట దానంతట నది పుణ్యకార్యము కాదు. విడిచిన చేప బ్రదికి, పిల్లలు పెట్టిననే దానికి అర్థము కలదు. ఎప్పుడును నీరు పారు కావేరిలో మేలుచేసిన నియమము మన కుంటలో వ్యర్థము కావచ్చును.

మన సీమ నీటి స్వభావము

అనంతపురపు పీఠభూమికి సాలీనా పడు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు, అనగా 22 అంగుళములు మాత్రమే. నైరృతి మేఘములు పడమటి కొండలను దాటి వచ్చునప్పటికి తేలికపడును. ఈశాన్యపు వానలు తూర్పుతీరమున ముగిసి మనకు చివరి జల్లులనే మిగుల్చును. కురిసిన యా కొంచెము నీటిని నిలుపుకొనుటకే మన పెద్దలు చెరువులు కట్టిరి. పండమేరు మీది బుక్కరాయసముద్రము చెరువును, చిత్రావతి నీటితో నిండు బుక్కపట్నము, ధర్మవరము చెరువులను చూచినవారికి వారి దూరదృష్టి తెలియును. పొరుగున కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనము 1369వ సంవత్సరమునాటిది. మంచి చెరువునకు 12 అంగములుండవలెననియు, 6 దోషములుండరాదనియు అందు చెప్పబడినది. కట్ట గట్టితనము, గర్భము లోతు, నీటి రాక మంచి యంగములలోనివి. ఊటయై నీరు కారుట, చవిటి నేల, గర్భము నడుమ మెట్టయుండుట దోషములలోనివి. ఆ శాసనము సేద్యమును దృష్టిలో పెట్టుకొని చెక్కబడినదే యైనను, చేపకును ఆ లక్షణములే కావలయును.

మన ప్రాంతపు నీటిని, విడిచిన చేప యెంతకాలము బ్రదుకుననుదానినిబట్టి మూడు తరగతులుగా విభజింపవచ్చును.

మొదటి తరగతి కుంటలు, చిన్న చెరువులు. ఇవి హస్త, చిత్త కార్తెల వానలకు నిండి, మాఘ ఫాల్గుణములలో తగ్గి, చైత్ర వైశాఖములలో నెండును. చేప కిందు జీవితకాలము ఆరేడు మాసములు మాత్రమే.

రెండవ తరగతి పెద్ద చెరువులును, వంకలలోని మడుగులును. మంచి సంవత్సరమున వీనిలో నీరు మరుసటి తొలకరివరకు నిలుచును. వరుసగా రెండేండ్లు వాన తప్పినచో నివియు నెండును. పెన్నా, చిత్రావతి, జయమంగలి, వేదవతి నదులు ఏడాదిలో నెక్కువ కాలము ఇసుకయే. 2021 నవంబరులో పెన్నా, చిత్రావతులు ఊళ్లను ముంచునంతగా పొంగినవి. ఒక యేడు చుక్కయు లేక, ఇంకొక యేడు కట్టలు తెగునంత వచ్చుట యీ నదుల స్వభావము. అయినను రాతిబండల నడుమనున్న కొన్ని మడుగులలో వేసవిలోను నీరుండును. నదిలోని చేపల వంశము నిలుచునది వానిలోనే.

మూడవ తరగతి జలాశయములు. వేదవతిపై 1961లో పూర్తియైన భైరవానితిప్ప ప్రాజెక్టు, పెనకచెర్లవద్ద 1968లో పూర్తియైన మధ్య పెన్నా జలాశయము, తుంగభద్ర ఎగువ కాలువ నీటితో నిండు పెన్నహోబిలము జలాశయము, హంద్రీ–నీవా పథకము ద్వారా 2012లో కృష్ణాజలములు చేరిన జీడిపల్లి జలాశయము ఇందులో ముఖ్యమైనవి. వీనిలోను భైరవానితిప్ప పైనదీతీరపు వానపైననే యాధారపడినది కనుక పెక్కేండ్లు వెలితిగానే యుండును. కాలువనీరు వచ్చు జలాశయములలో త్రాగునీటికై కొంత నీరు వేసవిలోను నిలుపుదురు. ఆ నిలువనీరే చేపకు రక్ష. పట్టి విడుచు వేటకు మన ప్రాంతమున నమ్మదగిన నీరు మొదట నిట్టిదియే.

మా పొరపాటు

ఈ విషయమున మేమును ఒకప్పుడు మోసపోతిమి. కొన్నియేండ్ల క్రిందట నొక వేసవిలో, ఎండుచున్న చెరువులో పిల్లలు చేతులతో పట్టుచున్న పరిగెలను, కొరమీను పిల్లలను చూచి జాలిపడి, వానిని రెండు బిందెలలో నింపించి, ప్రక్కయూరి కుంటలో విడిపించితిమి. ఆ కుంట వెడల్పు చూచితిమి కాని లోతు చూడలేదు. వారము దినములకు ఆ త్రోవనే పోవుచు చూడగా బురద మాత్రము మిగిలియుండెను. దానిపై చేపల పొట్టలు తెల్లగా మెరయుచుండెను. అవి పిల్లల యింట నొక పూట కూరయైనను కావలసినవి. మా జాలివలన నవి యెవరికిని కాకపోయెను. చేపలను మాకిచ్చి ఖాళీ చేతులతో ఇంటికి పోయిన ఆ పిల్లల ముఖములు మాకు నేటికిని జ్ఞాపకమున్నవి. నీటి లోతు కొలువక చూపిన దయ దయ కాదని ఆనాడు నేర్చుకొంటిమి.

నీటిని పరీక్షించు విధము

ఇక మంచి నీటి గుర్తులను చెప్పెదము. వీనికి యంత్రములు అక్కరలేదు.

మొదటిది లోతు. నిండిన చెరువును చూచి మోసపోరాదు. వైశాఖమాసపు చివర, నీరు మిక్కిలి తగ్గినప్పుడు చూడవలెను. కట్టకు మన్ను త్రవ్విన గుంటలును, తూము ముందరి గుంటయు సాధారణముగా లోతైన చోటులు. అప్పటికిని అచ్చట ఆరడుగుల నీరున్నయెడల ఆ చెరువులో చేప వేసవిని దాటును. మోకాలిలోతు మాత్రమే యున్నచో దాటదు. స్వయముగా చూచు నవకాశము లేనివారు ఊరిలోని నీరుగట్టి నడుగవలెను. ఏ యేట చెరువెండెనో, ఏ యేట మరువ పారెనో అతనికి కంఠస్థముగా నుండును.

రెండవది రంగు. ముంజేతిని నీటిలో నిలువుగా మోచేతివరకు ముంచవలెను. అరచేయి కనబడీ కనబడకుండ లేతాకుపచ్చగా నున్నచో నీటిలో చేపకు మేత కలదని గుర్తు. మణికట్టు దిగకముందే అరచేయి మాయమై, పైన చిక్కని పచ్చతెట్టె కట్టియున్నచో, అట్టి నీటిలో తెల్లవారుజామున ప్రాణవాయువు చాలదు. వానపడిన మరుదినము వచ్చు ఎర్రనీటిలో ఈకను చేప చూడజాలదు. నీరు తేరువరకు నాగవలెను.

మూడవది పక్షులు. నీటికాకులు మునిగి లేచుచున్నను, లకుముకిపిట్ట యొకే కొమ్మను విడువకున్నను అచ్చట చిన్న చేపలు సమృద్ధిగా నున్నవి. హిందూపురమునకు దాపున, చిలమత్తూరు మండలములోని వీరాపురమునకు ప్రతియేట శీతకాలమున ఎర్రకాళ్ల కొంగలు వచ్చి, చింతచెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకొని, వానకాలమునకు వెడలిపోవును. ఆ గ్రామస్థులు వానిని తమ యాడుబిడ్డలవలె చూచుకొందురు. ఆ కొంగల పిల్లల కాహారము చుట్టుపట్ల చెరువులలోని చేపలే. చెరువులెండిన యేండ్లలో గూళ్లలోని పిల్లలు ఆకలికి చచ్చుటయు జరిగినది. మనము విడుచు చేపకు పాలివారు వేరే యున్నారని యిందువలన తెలిసికొనవలెను. గూళ్ల కాలమున ఆ చెరువులలో గాలము వేయకుండుటయే మర్యాద.

నాల్గవది ఒడ్డు. తుంగయు తామరయు కొంచెము కొంచెముగా నున్న యొడ్డు చేప పిల్లలకు దాగుచోటు. గుర్రపుడెక్క కప్పివేసిన నీరు పనికిరాదు. దాని క్రిందకు వెలుగును గాలియు పోవు.

ఐదవది గాలి. మన పీఠభూమి గాలికి ప్రసిద్ధి. రామగిరి కొండలమీద గాలిమరలు నెలకొల్పిన దందుకే. ఆషాఢ శ్రావణములలో పడమటిగాలి పురుగులను నీటిపై తూర్పుటొడ్డునకు నెట్టును; చేపలును అచ్చటనే చేరును. కాని తూర్పుటొడ్డున నిలిచినవానికి ఎదురుగాలిలో ఈక ముందునకు పోదు. గాలము తిరిగివచ్చి చెవినో కంటినో తగులు ప్రమాదమును కలదు. కాబట్టి ఉత్తరపు టొడ్డుననో దక్షిణపు టొడ్డుననో, తూర్పుమూలకు దగ్గరగా నిలుచుట మేలు. సూర్యోదయమునకు తరువాత రెండు గంటలు గాలి తక్కువగా నుండును. ఆ కాలమే యుత్తమము.

ఆరవది వేడిమి. నీరు వేడెక్కినకొలది దానిలో నిమిడియుండు ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీల నీటిలో లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాములు నిలుచును. 30 డిగ్రీలకు ఏడున్నరకు దిగును. పెనుగులాడి యలసిన చేపకు ఆ కొరతయే ప్రాణాంతకము. రోహిణికార్తె యెండలో పట్టిన చేపను విడిచితిమని తృప్తిపడుట మనలను మనము మోసగించుకొనుటయే. అది యీదుచు పోయినను సాయంకాలమునకు తేలవచ్చును. అందుచేత ఫాల్గుణము మొదలు తొలకరివరకు ఈ వేటను మానవలెనని మా యభిప్రాయము.

ఏ చేపను విడువవలెను?

అన్ని చేపలను ఒకే రీతిగా చూడరాదు. బొచ్చె, రోహు, మృగాల అను పెద్ద చేపలు చెరువు నిలువనీటిలో పిల్లలు పెట్టవు. వానికి వరదనీరు పారు నది కావలయును. 1957లో హీరాలాల్ చౌదరి, అలికున్హి అను శాస్త్రజ్ఞులు ఈ జాతి చేపలకు ఇతర చేపల పీయూషగ్రంథి రసమును సూదిమందుగా నిచ్చి గ్రుడ్లు పెట్టించిరి. నాటినుండి చేపపిల్లలను కొని చెరువులలో విడుచు పద్ధతి దేశమంతట వ్యాపించినది. కనుక మన చెరువులోని బొచ్చె, మత్స్యకారుల సంఘమువారు పైకముపెట్టి విత్తిన పంట. దానిని విడిచినను విత్తనము కాదు. పట్టికొనిపోయినచో పరుల చేను కోసినట్లే. సంఘమువారి యనుమతి లేక దానిని ముట్టరాదు. సాధారణముగా నది యీకకు పడదు కూడను.

కొరమీను సంగతి వేరు. అది చెరువులోనే పిల్లలు పెట్టును. నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొని బ్రదుకగలదు. వానకాలమున నాచు నడుమ గూడువలె చోటుచేసికొని గ్రుడ్లు పెట్టును. పిల్లలు ఎర్రని గుంపుగా నీటిపై తేలుచుండగా తల్లిదండ్రులు రెండును క్రిందనుండి కాపాడును. ఆ గుంపుదగ్గర ఏది కదలినను తల్లి కోపముతో దానిపైబడును. కప్పవలె కట్టిన ఈక గాలమునకు అది తప్పక చిక్కునది అప్పుడే. అట్లు దానిని పట్టి తినినచో పిల్లలన్నియు నితర చేపలపాలగును. పట్టి విడిచినను, విడిపించు నంతలో గుంపు సగమగును. కావున ఎర్రపిల్లల గుంపు కనబడిన చోట గాలమునే వేయరాదు. పట్టి విడుచుటకన్న పట్టకుండుట మేలైన సందర్భ మిది.

పరిగెలు, బెత్తెడు చిన్న చేపలు ఈకకు చక్కగా పడును. నేర్చుకొనువారికి అవియే గురువులు. మృగశిరకార్తె ప్రవేశించిన దినమున చేపకూర తినుట మన తెలుగువారిలో పలుచోట్ల ఆచారము. ఆ దినములలోనే చేపలు గ్రుడ్లతో నిండి, క్రొత్తనీటి కెదురెక్కును. ఆచారమును మానుమని మేము చెప్పము. వంకనోట నెదురెక్కు చేపను విడిచి, చెరువులోని చేపను తినుమని మాత్రము కోరుచున్నాము. విత్తుటకు దాచిన కాయలను వేయించుకొని తినిన రైతు ఆరుద్రలో నేమి విత్తును?

విడువకూడని చేపలును కలవు. తిలాపియా 1952లో మన దేశమునకు తేబడినది. అది నిలువనీటిలోనే వేగముగా పెరిగి స్థానిక చేపల మేతను, చోటును ఆక్రమించును. ఆఫ్రికా క్లారియసు పెంపకము మన దేశమున నిషేధింపబడినది. ఇవి గాలమునకు పడినచో మరల నీటిలో వేయక కూరకు వినియోగింపవలెను. ఒక చెరువులో పట్టిన చేపను ఇంకొక చెరువులో విడుచుటయు కూడదు.

విడుచు విధము

గాలపు కొనప్రక్కనుండు ఎదురుముల్లును పటకారుతో నదిమివేయవలెను. అప్పుడు గాలము చేప నోటినుండి సులువుగా వచ్చును. మన వ్రేలికి గ్రుచ్చుకొన్నను అంతే సులువు. చేపను అలసటచేత తేలువరకు ఆడింపక త్వరగా ఒడ్డునకు తేవలెను. పొడిచేతితోగాని గుడ్డతోగాని పట్టరాదు. చేప యొంటిమీది జిగురు దానికి చర్మరక్ష, అది పోయినచో పుండ్లు పడును. మొప్పలలో వ్రేలు పెట్టరాదు. నీటిలోనే యుంచి విడిపించుట యుత్తమము. పైకి తీయవలసివచ్చినచో మనము ఊపిరి బిగబట్టి, మన కూపిరి యాడనప్పుడు చేపకును ఆడదని గ్రహింపవలెను. పిదప రెండు చేతులతో నీటిలో నిలిపి పట్టుకొని, అది తనంత తాను తోకయాడించి పోవువరకు నాగవలెను. గాలము గొంతుదిగి నెత్తురు కారుచున్న చేప బ్రదుకదు. దానిని ఇంటికి కొనిపోయి వండుకొనుటయే న్యాయము.

హక్కు ఎవరిది?

చెరువు ఊరిదైనను చేపల హక్కు సాధారణముగా పంచాయతీ వలననో మత్స్యశాఖ వలననో మత్స్యకారుల సహకార సంఘమునకు చెందియుండును. సెలవుదినమున వినోదమునకు వచ్చువాడు, చేపవలన కడుపు నింపుకొనువాని నడుగక గాలము వేయుట తప్పు. జలాశయముల కట్టలమీద, గేట్లదగ్గర వేట నిషిద్ధము. అచ్చట అధికారుల యనుమతి కావలెను. ఎండు చెరువులలో గుంటల యంచున బురద మోసము చేయును, ఒంటరిగా దిగరాదు.

మా సూచన యొకటి. వైశాఖములో నీరు నిలుచు చెరువున్న యూళ్లలో, రైతుల సంఘమువారును మత్స్యకారుల సంఘమువారును కలిసి కూర్చుండి, లోతైన యొక గుంటను విత్తన మడుగుగా నేర్పరచుకొనవచ్చును. వేసవిలో నందు వల వేయక, మోటారు పెట్టి నీరు లాగక విడిచిపెట్టవలెను. ఈక గాలముతో వచ్చువారినుండి మత్స్యకారుల సంఘము కొంత రుసుము పుచ్చుకొని, బెస్త యువకుడొకని వెంట పంపవచ్చును. కావేరిలో కావలివారైనవారివలె మన యువకులకును ఆ విధముగా కొన్ని దినముల కూలి దొరకును. రైతు ఆ గుంట నీటిని ఇంకొక తడికి ఆశింపకుండుట సులభము కాదని మేమెరుగుదుము. ఎండుచున్న పైరును చూచుచు నీటిని చేపకు విడువుమని యెవరిని బలవంతపెట్టజాలము. అందుచేతనే ఈ తీర్మానము వానలు పడి చెరువు నిండియున్నప్పుడే చేసికొనవలెను. నీరు తగ్గిన పిదప కాదు.

బెస్త పెద్దాయన ప్రశ్నకు నేడు మా సమాధాన మిది. ఇరవై దినముల నీటిలో పట్టిన చేపను తినుటయే ధర్మము. దానిని విడుచుట వృథా. వేసవిని దాటు మడుగులో, చల్లని యుదయమున, పిల్లలతో నుండని స్థానిక చేపను పట్టినచో విడుచుట ధర్మము. అది వచ్చు తొలకరికి విత్తనము. ఈ రెండు నీళ్లకు భేదము తెలిసినవాడే వేటగాడు. ఆ పెద్దాయనకు ఆ భేదము మాకంటె ముందే తెలియును.

కాబట్టి సంఘ కార్యదర్శులకు మా మనవి. రాబోవు వైశాఖ బహుళ అమావాస్యనాడు మీ యూరి చెరువులో మిక్కిలి లోతైన చోటున గెడకర్ర దింపి, తడిసిన మేర కొలిచి, తేదీతో సంఘపు పుస్తకములో వ్రాసియుంచుడు. ప్రతి సంవత్సరమును అట్లే చేయుడు. అయిదారేండ్ల లెక్క చేరినయెడల మీ చెరువు ఏ తరగతిదో, అందు విడిచిన చేప బ్రదుకునో లేదో, ఎవరిని అడుగకయే తెలియును. పైరునకు తడి లెక్కించుకొనుటకును ఆ పుస్తకమే పనికివచ్చును.